నూట నాలుగు కవచాలు

రాష్ట్రమంతా కషాయం మరుగుతున్న కాలంలో జరిగిన సంగతి ఇది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు అల్లం, మిరియాలు, తిప్పతీగ కలిపి కాచిన చేదునీళ్ళ గ్లాసు చేతిలో పెట్టి, "ఇమ్యూనిటీ అండీ, తాగండి" అనేవారు. తాగకపోతే మర్యాద తప్పినట్టు, తాగితే ప్రాణం మీదికి వచ్చినట్టు. జనం ఇంత కష్టపడుతుంటే ప్రభుత్వం చూస్తూ కూర్చుంటుందా? ఉద్యోగులందరి రోగనిరోధక శక్తినీ ఏడాది తిరక్కుండా పెంచి తీరాలని ఉత్తర్వు వేసింది. ఆ పథకానికి 'ఉక్కు కవచం' అని పేరు.

మిగతా శాఖల వాళ్ళు బుద్ధిమంతులు. పదిన్నరకి తలో గ్లాసు తాగి, ఫోటో దిగి, పైకి పంపేసి ఊరుకున్నారు. తూనికలు కొలతల శాఖకి అలా ఊరుకోవడం చాతకాలేదు. ఆ శాఖ రాష్ట్రాధికారి ఓరుగంటి దక్షిణామూర్తి గారు సమావేశంలో బల్ల గుద్ది మరీ అన్నారు. "కొలవకుండా పెంచామనడం కాటా లేకుండా కందిపప్పు అమ్మడంతో సమానం. అలాంటి వాళ్ళని పట్టుకోవడానికే మన శాఖ పుట్టింది. మనమే ఆ పని చేస్తామా?"

నిరోధక శక్తిని కొలవడానికి ముగ్గురితో కమిటీ వేశారు. అందులో డాక్టరు లేడా అని మీకు సందేహం రావచ్చు. ఒకాయన్ని వేద్దామనుకున్నారు గానీ, విచారిస్తే ఆయనకి కొలతల్లో అనుభవం లేదని తేలింది. కమిటీ రక్తపరీక్ష కాగితాలు ముందేసుకుని నలభై రోజులు చదివింది. అందులో ఇ.ఎస్.ఆర్. అనే అంకె కంటబడింది. నివేదికలో ఇలా రాశారు: "శరీరమున పోరాటము జరుగునపుడు ఈ అంకె హెచ్చును. పోరాడునది నిరోధక దళము. కావున అంకె ఎంత అధికమో దళము అంత బలిష్ఠము." ఒక అంకెకి ఒక 'కవచం' చొప్పున కొలమానం కూడా ఖరారు చేశారు. కిలో ఉంది, మీటరు ఉంది, లీటరు ఉంది, ఇకనుంచి కవచం కూడా ఉంది.

గోగులంక జిల్లా కార్యాలయంలో వెలగల సువర్చల ముద్ర కొట్టే మనిషి. కొట్ల వాళ్ళు తెచ్చిన తూకపురాళ్ళని కాటాలో పెట్టి సరిచూసి, సరిగ్గా ఉంటే రాయి అడుగున ఉన్న సీసపు బిళ్ళ మీద అచ్చు నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తుంది. ఒక్కటే దెబ్బ. పద్దెనిమిదేళ్ళలో ఏ రాయికీ రెండో దెబ్బ వెయ్యలేదని ఆవిడకి లోలోపల గర్వం. ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు.

అలాంటి చెయ్యి ఈమధ్య మాట వినడం మానేసింది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి, గుప్పెట పడదు. గంటన్నర గడిస్తే గానీ కాఫీ గ్లాసు పట్టుకోలేదు. జడ ఆవిడ భర్త తాతబ్బాయి వేస్తున్నాడు. మనిషి వెన్నపూసే గానీ ఆటోలు బాగుచేసే చెయ్యి కాబట్టి, జడని బోల్టు బిగించినట్టు బిగిస్తాడు. అత్తగారు వాతమని తేల్చి కర్పూరం నూనె రాసింది. సువర్చల కూడా అంతే అనుకుంది.

కార్యాలయంలో అందరికీ రక్తం తీసిన నాలుగో రోజున ఫలితాలొచ్చాయి. సూపరింటెండెంటు పద్మనాభం అందరినీ నిలబెట్టి గొంతు సవరించుకుని చదివాడు.

"అటెండరు గవర్రాజు, ఎనిమిది కవచాలు. ఇన్‌స్పెక్టరు మల్లికార్జునం, పన్నెండు. జిల్లా అధికారి శ్రీ అక్కిశెట్టి సూర్యచంద్రరావు గారు..." ఇక్కడ గొంతు తగ్గించాడు. "తొమ్మిది."

సూర్యచంద్రరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"వెలగల సువర్చల..." పద్మనాభం కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నూట నాలుగు!"

ముందుగా తేరుకున్నది అధికారి గారే. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి రెండు చేతులూ జోడించారు. "అమ్మా! ఇంత శక్తి ఒంట్లో పెట్టుకుని, ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా కాటా ముందు కూర్చున్నావా తల్లీ! నిండుకుండ తొణకదంటే ఇదే కదా!"

"ఆయ్, నాకు ముందే తెల్సండి," అన్నాడు గవర్రాజు. "మొన్న బెల్లం కొట్టు ఆసామి ఎదురు తిరిగితే ఈవిడ ఒక్క చూపు చూసిందండి. గమ్మునైపోయాడంతే."

"నాకు వేళ్ళు నెప్పులండీ బాబూ," అంది సువర్చల.

"శక్తి పొంగుతుంటే నెప్పి ఉండదా మరి?" అన్నారు అధికారి గారు.

వారం తిరక్కుండా సన్మానం జరిగింది. శాలువా, బంతిపూల దండ, 'కవచ రత్న' బిరుదు. సువర్చల ఒక్కతే జిల్లా సగటుని రాష్ట్రంలో పద్నాలుగో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎత్తేసింది. పటం కట్టించిన యోగ్యతాపత్రం కింద సీసపు ముద్ర కూడా వేశారు. "ఇందుమూలముగా శ్రీమతి వెలగల సువర్చల గారి నిరోధక శక్తి నూట నాలుగు కవచములుగా తనిఖీ చేయబడి ముద్రింపబడినది." అబద్ధమెందుకు, శాలువా భుజాన పడ్డప్పుడు ఆవిడకి కళ్ళు చెమర్చాయి. పద్దెనిమిదేళ్ళుగా సరైన రాళ్ళకి ముద్ర వేసింది గానీ, నువ్వూ సరైనదానివే అని ఆవిడకి ముద్ర వేసినవాళ్ళు లేరు.

కానీ శాలువా మడతపెట్టడానికి వేళ్ళు రాలేదు. అది చూసి తాతబ్బాయి మర్నాడే ఆటో తీసి, పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరు నజీమా గారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, రక్తపరీక్ష కాగితం అడిగింది. "దీనిమీద ఈ పసుపు మరకలేంటమ్మా?"

"బంతిపూలవండి. ఈ అంకెకి సన్మానం చేశారు."

డాక్టరమ్మ ఆవిడ కేసి ఒకసారి, తాతబ్బాయి కేసి ఒకసారి చూసింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారని అర్థమయ్యాక మెల్లగా మొదలుపెట్టింది. "ఒంట్లో కాపలా దళం ఒకటుంటుందమ్మా. బయటి క్రిమి వస్తే పట్టుకు కొట్టడం దాని పని. మీ ఒంట్లో అది మీ కీళ్ళనే పరాయివాళ్ళనుకుని కొడుతోంది. ఈ వాపూ మంటా అందుకే. ఈ అంకె ఆ మంటకి గుర్తు. ఫైరింజను గంట గట్టిగా మోగితే ఊరు చల్లగా ఉందని కాదు, ఎవరిదో కొంప అంటుకుందని."

సువర్చల కాసేపు ఆలోచించింది. "అంటే, మా స్క్వాడు వాళ్ళు బజారు మీదకి పోకుండా మా ఆఫీసు బీరువాలో రాళ్ళనే దొంగరాళ్ళని పట్టుకుపోతున్నట్టండి."

"అచ్చం అంతే!"

"నేనేం చేశానండీ, అలా అవడానికి?" అంది సువర్చల.

"మీరేమీ చెయ్యలేదు. కొంత పుట్టుకతో వచ్చే గుణం. దానికి బయటినుంచి ఏదో తోడవుతుంది. పొగ కావచ్చు, ఎప్పుడో వచ్చిపోయిన జబ్బు కావచ్చు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి ఎక్కువ వస్తుంది. ఫలానాదే కారణమని వేలు పెట్టి చూపించడం ఇంకా ఎవరివల్లా కాలేదు. పులుపు తిన్నందుకు రాలేదు, చన్నీళ్ళలో బట్టలుతికినందుకూ రాలేదు. ఆ లెక్కలన్నీ వదిలెయ్యండి."

"అయితే ఆ కాపలా వాళ్ళని పీకేస్తారా?"

"పీకేస్తే దొంగలు పడరూ? చెయ్యి వెనక్కి లాగిస్తాం, అంతే." మందు చీటీ రాస్తూ గట్టిగా చెప్పింది. "ఈ మాత్రలు వారానికి ఒక్కసారే. బుధవారమంటే బుధవారం. రోజూ వేసుకోకూడదు, పొరపాటున కూడా. మర్నాడు ఈ విటమిను. నేను చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. గుణం కనిపించడానికి నెలన్నరో, రెండు నెలలో పడుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను, అదుపులో ఉంటుంది. కానీ ఆలస్యం మాత్రం చెయ్యొద్దమ్మా. కీలు తినేసి వేలు వంకరపోయిందంటే ఆ తర్వాత నేను వెనక్కి తేలేను."

సువర్చల మాత్రలు సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళి, ఉన్న సంగతి చెప్పింది. అదే ఆవిడ చేసిన తప్పు.

"నిరోధక శక్తిని తగ్గించే మందా?" సూర్యచంద్రరావు గారు కుర్చీలో కూలబడ్డారు. "రాష్ట్రమంతా పెంచుతుంటే నువ్వు తగ్గిస్తానంటావా అమ్మా! మూడు నెలల్లో పునఃపరిశీలన ఉంది. రాష్ట్రాధికారి గారు స్వయంగా వస్తున్నారు. మొదటొచ్చిన జిల్లాకిచ్చే షీల్డు మనదే అని నేను ఇంట్లో కూడా చెప్పేశాను. అప్పటిదాకా ఆగమ్మా. నీ కాళ్ళకి దండం పెడతాను, ఈ మూడు నెలలూ ఆ దళాన్ని కాస్త పోరాడనీ."

పెద్దాయన బతిమాలుతుంటే కాదనలేకపోయింది. శాలువా మోజు కూడా కొంత లేకపోలేదు. మూడు నెలలే కదా అనుకుంది.

ఈలోగా కార్యాలయం రూపురేఖలే మారిపోయాయి. మల్లికార్జునానికి దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. కుయ్యోమంటూ రక్తపరీక్ష చేయించుకుంటే నలభై రెండు కవచాలు వచ్చాయి. అంతే, అతన్ని ఆదర్శ ఉద్యోగిగా ప్రకటించారు. పన్ను పీకించుకోవడానికి సెలవడిగితే, "ప్రజాప్రయోజనము దృష్ట్యా పన్ను యథాస్థానమున కొనసాగింపవలెను" అని రాసిచ్చారు. దాంతో మిగతావాళ్ళకీ దారి దొరికింది. దగ్గినవాడికి కరచాలనం, జ్వరం వచ్చినవాడికి చప్పట్లు. గవర్రాజు ఒక్కడే ఎనిమిది దగ్గర ఆగిపోతే, అతన్ని పిలిచి గంటసేపు మందలించారు.

"నేనేం చెయ్యనండి? నాకేమీ రావట్లేదు," అన్నాడు పాపం తల వంచుకుని.

"ప్రయత్నలోపం," అన్నాడు పద్మనాభం.

అధికారి గారు తానే ముందుండి దారి చూపారు. ఆయన బొటనవేలికి గోరుచుట్టు లేచింది. భార్య నిమ్మకాయ పెడతానంటే వద్దన్నారు, డాక్టరు కోస్తానంటే వద్దన్నారు. నిమ్మకాయంత లావైన వేలిని పైకెత్తి పట్టుకుని, ముప్ఫై ఒకటి, ముప్ఫై ఆరు అని రోజురోజుకీ లెక్క చెప్పుకునేవారు. సంతకాలు ఎడమచేత్తో పెట్టేవారు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఒకరోజు సొరుగులో అదే వేలు పడింది. కేక వీధి చివరిదాకా వినిపించింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే, "ఇంకో రెండు పెరుగుతాయిలే," అన్నారు.

సువర్చల మందు మొదలుపెట్టకుండా ఏడు వారాలు గడిపింది. ఎనిమిదో వారం సోమవారం నాడు ఒక కిరాణా కొట్టు రాయికి ముద్ర వేస్తుంటే, అచ్చు వేళ్ళలోంచి జారింది. దెబ్బ పక్కన పడింది. రెండో దెబ్బ వేసింది. అదీ వంకరగా పడింది. కొట్టతను రాయి తిప్పి తిప్పి చూసుకుంటూ వెళ్ళాడు. ఆవిడ రాళ్ళ గదిలోకి వెళ్ళి చూపుడువేలు చాపబోయింది. అది పూర్తిగా చాపుకోలేదు. ఎడమచేత్తో పట్టుకుని లాగినా రాలేదు. అక్కడే పెట్టె మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక షీల్డు కోసం ఏడు వారాలు పోగొట్టుకున్నానే, ఏం మనిషినే నేను, అని తన్ను తానే తిట్టుకుంది.

అది సోమవారం. బుధవారం దాకా ఆగి, అందరూ చూస్తుండగా టీ వేళకి మాత్రలు వేసుకుంది.

సాయంత్రానికల్లా మెమో వచ్చింది. "విషయము: ముద్రిత ప్రమాణమును దురుద్దేశముతో క్షీణింపజేయుట గురించి. నూట నాలుగు కవచములుగా ముద్ర వేయబడిన ప్రమాణమును అధికారుల అనుమతి లేక తగ్గించుట, ముద్ర వేసిన రాయిని అరగదీయుటతో సమానమైన నేరము. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను. అంతవరకు సదరు మాత్రలను కార్యాలయమునకు స్వాధీనపరచవలెను."

మెమో ఇస్తున్నప్పుడు పద్మనాభం నెమ్మదిగా అన్నాడు. "ఏమీ అనుకోకమ్మా. రూలు అలా ఉంది. విచారణలో తప్పని తేలితే ఏజెన్సీకి బదిలీ చేస్తారంట."

అక్కడ ఈ డాక్టరమ్మ ఉండదు, రక్తపరీక్ష ఉండదు. ఆ రాత్రి తాతబ్బాయి, "ఉద్యోగం పోతే పోనీవే, నీ చెయ్యి ముఖ్యం," అన్నాడు. కానీ ఆవిడకి రెండూ కావాలి. ఆ చేత్తో ఆ ఉద్యోగమే చెయ్యాలి. మాత్రలు స్వాధీనపరచలేదు. బుధవారం బుధవారం వేసుకుంటూనే ఉంది.

పునఃపరిశీలన రోజు రానే వచ్చింది. దక్షిణామూర్తి గారు కారు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని మనిషి. ముప్ఫై ఏళ్ళుగా తనిఖీ రిజిస్టరులో సంతకం చెయ్యకుండా ఏ ఆఫీసూ దాటని మనిషని పేరు. సువర్చల కొత్త రక్తపరీక్ష కాగితం చూసి ఆయన ముఖం ముడుచుకుంది. "డెబ్బై ఒకటి! ముప్ఫై మూడు కవచాలు ఏమయ్యాయి?"

"దుర్వినియోగం చేసిందండి," అన్నారు సూర్యచంద్రరావు గారు వేలు పైకెత్తి.

"ఏమ్మా, నీ జవాబేమిటి?"

సువర్చల జవాబు కాగితం మీద రాసుకు రాలేదు. చెంగులో మూటకట్టిన ఒక ఇనపరాయి తీసి బల్ల మీద పెట్టింది. "ఇదొకసారి తూచండి సార్. ధాన్యం కొనే ఆసామి దగ్గర మొన్న పట్టుకున్నది."

కాటా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు ఆ శాఖలో. దక్షిణామూర్తి గారు మారుమాట లేకుండా తూచారు. "కిలో మీద నలభై గ్రాములు ఎక్కువ."

"ముద్ర వేస్తారా అండి?"

"ఎలా వేస్తామమ్మా? దీంతో ధాన్యం కొంటే రైతు మునిగిపోడూ? తక్కువ తూగేదే కాదు, ఎక్కువ తూగేదీ దొంగరాయే."

"మరి నాకెందుకు వేశారండీ?"

సువర్చల అక్కడితో ఆగలేదు. "ఒంట్లో కాపలా ఉండాల్సినంతే ఉండాలటండీ. తగ్గితే రోగాలొస్తాయి. హద్దు మీరితే ఇలాగ నా వేళ్ళనే తినేస్తది. పెద్ద అంకె చూసి మీరు దండేశారు, నేనూ వేయించుకున్నాను. రాయి హద్దు మీరితే మనమేం చేస్తామండి? లైసెన్సున్న రిపేరు ఆసామి దగ్గరికి పంపి సరిచేయిస్తాం. మా డాక్టరమ్మకీ లైసెన్సు ఉందండి."

దక్షిణామూర్తి గారు చాలాసేపు ఆ రాయి కేసే చూశారు. తర్వాత పద్మనాభాన్ని రాసుకోమన్నారు. "సదరు ఉద్యోగిని యొక్క నిరోధక శక్తి అనుమతింపదగిన హద్దును మించినట్లు తనిఖీలో తేలినందున, ముద్ర రద్దు చేయడమైనది. లైసెన్సు గల మరమ్మతుదారు వద్ద సరిచేయించుకొనుటకు, సరిచేయు కాలమంతయు ఇదే కార్యాలయమున కొనసాగుటకు అనుమతించడమైనది."

"అయ్యా," అన్నారు సూర్యచంద్రరావు గారు దీనంగా. "అయితే మరి నా వేలు?"

"కోయించుకోండి."

మల్లికార్జునం అప్పటికే పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరిపోయాడు. గవర్రాజు మాత్రం అక్కడే నిలబడి, "నా ఎనిమిదీ సరిపోతుందంటారా అండి?" అని ముగ్గుర్ని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. దానిమీద శాఖలో ఇంకా ఉత్తర్వు రాలేదు కదా.

అందరూ వెళ్ళాక సువర్చల కూడా లేచింది. "ఒక్క నిమిషం ఉండమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు. తలుపు తానే వెళ్ళి దగ్గరికి వేసి వచ్చారు. "ఆ డాక్టరు గారు... ఎవరినైనా చూస్తారా? అంటే, ముందుగా చెప్పకుండా వెళ్ళినా?"

"చూస్తారండి. ఎవరికి సార్?"

"మా అమ్మాయికి." ఆయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "కమిటీ వేసినప్పుడు ముందుగా మా ఇంట్లో వాళ్ళకే పరీక్ష చేయించాను. అందరికీ పది, పదిహేను. దానికి నూట ఇరవై ఆరు వచ్చింది. పొద్దున్నే చేతులు ముడవలేనంటుంది. పీట మీంచి లేవాలంటే నేను పట్టుకోవాలి. ఆ అంకె చూసి నాకు భయమేసిందమ్మా. భయపడ్డం కంటే గర్వపడ్డం తేలికనిపించింది. పోరాడే శక్తి అని నివేదికలో నేనే రాయించాను. దానికీ అదే చెప్పాను, నీకు శక్తి ఎక్కువ, ఓర్చుకో అని. ఓర్చుకుంటోంది."

సువర్చల ఒక అడుగు ముందుకి వేసింది. "ఎన్నాళ్ళయిందండీ?"

"ఎనిమిది నెలలు." ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. "ఆలస్యమైపోయిందంటావా అమ్మా?"

నాకు ఏడు వారాలకే ఈ వేలు ఇలా అయింది అని చెప్పబోయి ఆగింది. చెయ్యి కొంగు చాటుకి లాక్కుంది. కాగితం తీసుకుని, ఎడమచేత్తో కుడిచెయ్యి ఊతం పట్టుకుని, డాక్టరు నజీమా పేరూ ఆసుపత్రి వీధీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. "అది ఆవిడ చెప్పాలండి. సాయంత్రం ఐదింటిదాకా ఉంటారు. రేపనుకోకండి సార్. ఇప్పుడే ఫోను చేసి అమ్మాయిని బయల్దేరమనండి."

ఆయన ఆ కాగితం రెండు చేతులతో అందుకుని, ఫోను చెవిదగ్గర పెట్టుకుంటూ గబగబా మెట్లు దిగారు. తనిఖీ రిజిస్టరు తెరిచి పట్టుకుని పద్మనాభం గేటు దాకా పరిగెత్తాడు. "సార్, సంతకం! సార్!" అని అరుస్తూనే ఉన్నాడు. కారు ఆగలేదు.